పళ్ళు లేని క్షీరదాలని ఏమంటారు? ఎడెంటేట్ వేరు, ఎడెంట్యులస్ వేరు, బోసినోరు వేరు

మీ ప్రశ్న రెండు సార్లు చదివానండి. మీ అమ్మాయి ఇంటర్ బైపీసీ, తన గైడ్‌లో "ఎడెంటేట్స్ అంటే పళ్ళు లేని క్షీరదాలు, ఉదాహరణ స్లాత్, ఆర్మడిల్లో, యాంట్‌ఈటర్, పాంగోలిన్" అని ఉంది, కానీ ఆర్మడిల్లోకి మనకంటే ఎక్కువ పళ్ళు ఉంటాయని ఏదో వీడియోలో చూసింది, ఇందులో ఏది నిజం అని అడిగారు. మీ అత్తగారి చీటీ మీద డెంటిస్ట్ "ఎడెంట్యులస్" అని రాశారు, అది కూడా ఇదే మాటా అన్నారు. ఇంకా, స్లాత్‌ని తెలుగులో దేవాంగ పిల్లి అని రాయొచ్చా అని కూడా. నేను డిగ్రీ కాలేజీలో ముప్పై ఏళ్ళు జువాలజీ చెప్పాను, ఈ ఎడెంటేటా దగ్గర తికమక పడని బ్యాచ్ నాకు ఒక్కటి కూడా గుర్తు లేదు, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

ముందు సూటిగా చెప్పేస్తా. వీడియో కరెక్టే. జెయింట్ ఆర్మడిల్లో (ఒంటి మీద గట్టి పెంకు ఉండే జంతువు) నోట్లో 80 నుంచి 100 దాకా పళ్ళు ఉంటాయి, నేల మీద తిరిగే క్షీరదాల్లో అన్ని పళ్ళు ఉన్నది చాలా అరుదు. చెట్ల మీద మెల్లగా కదిలే స్లాత్‌కి కూడా పళ్ళు ఉన్నాయి, ఆకులు నమలాలి కదా మరి. గైడ్‌లో ఇచ్చిన నాలుగు పేర్లలో నిజంగా ఒక్క పన్ను కూడా లేనివి చీమలు తినే యాంట్‌ఈటరు, ఒంటి నిండా పొలుసులుండే పాంగోలినూ మాత్రమే. కానీ గైడ్ రాసినాయన గాల్లోంచి కల్పించి ఏమీ రాయలేదు, రెండొందల ఏళ్ళ నాటి వర్గీకరణ ఒకటి పుస్తకం నుంచి పుస్తకానికి కాపీ అవుతూ వచ్చి మీ అమ్మాయి చేతిలో పడింది, అంతే.

మాట సంగతి చూద్దాం. లాటిన్‌లో పన్నుని "డెన్స్" అంటారు, విభక్తి చేరితే "డెంట్" అవుతుంది, డెంటిస్ట్, డెంటల్ అన్నీ అక్కడివే, మన సంస్కృతం "దంతం" కూడా అదే మూలం నుంచి వచ్చిన చుట్టమే. ముందు ఉన్న "ఎ" అంటే బయటికి, లేకుండా అని. లాటిన్‌లో ఎడెంటాటస్ అంటే అసలు అర్థం పళ్ళు రాలగొట్టించుకున్నవాడు అని! అంటే ఉన్న పళ్ళు ఊడబీకారని. తమాషా ఏంటంటే ఇవాళ వాడుక దీనికి దాదాపు తిరగబడింది. పుట్టుకతోనే, జాతి లక్షణంగా పళ్ళు లేని (లేక లేవు అనుకున్న) జంతువుకి జువాలజీలో ఎడెంటేట్ అంటాం, పళ్ళు వచ్చి పోయిన మనిషికి డాక్టర్లు ఎడెంట్యులస్ అంటారు. మీ అత్తగారు ఎడెంట్యులస్, పాంగోలిన్ ఎడెంటేట్. నాలుగైదు పళ్ళు మిగిలి ఉంటే పార్షియల్లీ ఎడెంట్యులస్ అని రాస్తారు, అన్నీ పోతే కంప్లీట్లీ అని. మన తెలుగులో ఈ తేడా లేదు. మూడు నెలల పాపదీ బోసినవ్వే, ఎనభై ఏళ్ళ తాతదీ బోసినవ్వే, రాబోయే పళ్ళా, పోయిన పళ్ళా అని మన భాష అడగదు, నాకైతే అది చాలా ఇష్టం. కానీ సైన్స్‌లో ఆ తేడా తప్పనిసరిగా అడగాలి, ఎందుకో కింద చెప్తా.

ఇప్పుడు పళ్ళున్న జంతువులు ఈ పేరు కిందకి ఎలా వచ్చాయి అనేది. 1758లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ క్షీరదాలని వేరు చేసినప్పుడు ఆయన ప్రధానంగా చూసింది పళ్ళనే. మీ అమ్మాయికి దంత ఫార్ములా తెలిసే ఉంటుంది, మనకి 2123, అంటే ఒక్కో సగం దవడలో రెండు కుంతకాలు, ఒక రదనిక (కోరపన్ను), రెండు అగ్రచర్వణకాలు, మూడు చర్వణకాలు (ఈ రెండు రకాలూ నమిలే పళ్ళు). లిన్నేయస్ ముందు వరసలో కొరికే పళ్ళు, అదే కుంతకాలు, లేవు అనుకున్న వాటిని అన్నిటినీ కలిపి బ్రూటా అనే ఒక క్రమం పెట్టాడు. అందులో స్లాత్, యాంట్‌ఈటర్, పాంగోలిన్‌తో పాటు ఏనుగు, సముద్రంలో ఉండే మెనటీ కూడా ఉన్నాయి! ఏనుగు దంతాలు అని మనం పిలిచేవి నిజానికి పెరిగిపోయిన పై కుంతకాలే, ఈ ఒక్క ముక్క చాలు పళ్ళు చూసి చుట్టరికం కలపడం ఎంత ప్రమాదమో చెప్పడానికి. తర్వాత 1792లో ఫ్రాన్స్‌లో విక్ డజీర్ అనే ఆయన ఎడెంటేటా అనే పేరు పెట్టాడు, అక్కడి శాస్త్రవేత్తే క్యూవియే దాన్ని బాగా ప్రచారంలోకి తెచ్చాడు. క్యూవియే దృష్టిలో కూడా దాని అర్థం "దవడ ముందు భాగంలో పళ్ళు లేనివి" అనే తప్ప "అసలు పళ్ళే లేనివి" అని కాదు. 1817లో ఆయన గుడ్లు పెట్టే క్షీరదాలైన ప్లాటిపస్‌నీ ఎకిడ్నానీ కూడా తెచ్చి ఇందులోనే పడేశాడు. ఇదీ అసలు కిటుకు. పేరు చూస్తే పళ్ళు లేనివి అని ఉంది, నిర్వచనం చూస్తే ముందు పళ్ళు లేనివి అని ఉంది, పిల్లలకి చెప్పేటప్పుడు నిర్వచనం జారిపోయి పేరు మాత్రం మిగిలింది.

అసలు తప్పు ఇంకా లోతుగా ఉంది. లేనితనాన్ని పట్టుకుని కుటుంబం కట్టడం. ఊళ్ళో చెప్పులు లేకుండా నడిచేవాళ్ళందరూ అన్నదమ్ములు అనుకుంటే ఎలా ఉంటుంది? పన్ను లేకపోవడానికి వంద కారణాలు ఉండొచ్చు, వేరే వేరే ఖండాల్లో వేరే వేరే వంశాల్లో విడివిడిగా జరిగి ఉండొచ్చు. అదే జరిగింది కూడా. దక్షిణ అమెరికా స్లాత్, ఆర్మడిల్లో, యాంట్‌ఈటర్ మాత్రం నిజంగానే ఒక కుటుంబం, వాటి నడుము వెన్నుపూసల్లో మిగతా క్షీరదాల్లో లేని అదనపు కీళ్ళు ఉంటాయి, దాన్ని చూసి 1889లో అమెరికా ఆయన కోప్ వాటికి జెనార్థ్రా అని పేరు పెట్టాడు, వింత కీళ్ళవి అని అర్థం. ఈ పేరు ఉన్నదాన్ని చూసి పెట్టింది, అందుకే నిలబడింది. పాంగోలిన్‌ని విడదీసి ఫోలిడోటా అన్నారు. చీమలు, చెదలు తినే ఆఫ్రికా ఆర్డ్‌వార్క్‌కి పళ్ళు సన్నటి గొట్టాల కట్టలా ఉంటాయి, పైన పింగాణి (పంటి మీది గట్టి పొర, ఎనామెల్) ఉండదు, దానికి ట్యూబ్యులిడెంటేటా అని ఇంకో క్రమం. డీఎన్ఏ చూడటం మొదలయ్యాక పాంగోలిన్‌కి దగ్గరి చుట్టాలు యాంట్‌ఈటర్లు కానే కాదు, పిల్లీ కుక్కా ఎలుగుబంటీ ఉన్న మాంసాహారుల గుంపు అని తేలింది.

ఎలుగుబంటి అన్నాను కాబట్టి ఒక సంగతి చెప్పకుండా ఉండలేను, క్లాసులో ప్రతి ఏడూ చెప్పేదాన్ని. మన ఎలుగుబంటిని ఇంగ్లీషులో స్లాత్ బేర్ అంటారు కదా, నెమ్మదిగా నడుస్తుందని పెట్టారు అని చాలామంది అనుకుంటారు. కాదు. 1791లో జార్జ్ షా అనే ఇంగ్లీషాయన దీన్ని స్లాత్ అనుకుని బ్రాడిపస్ ఉర్సినస్ అని, అంటే ఎలుగు లాంటి స్లాత్ అని పేరు పెట్టేశాడు! పొడుగాటి గోళ్ళు, పై దవడలో మధ్య రెండు కుంతకాలు లేవు, అంతే, ముందు పళ్ళు లేవు కాబట్టి స్లాత్ జాతే అనుకున్నాడు. కొన్నేళ్ళకే అది ఎలుగే అని తేలింది, శాస్త్రీయ నామం మారిపోయింది కానీ ఇంగ్లీషు పేరులో స్లాత్ అలాగే ఉండిపోయింది. మిగతా ఎలుగులకి మామూలుగా 42 పళ్ళు, మన దానికి 40. ఆ రెండు పళ్ళు లేని సందు దానికి చాలా పనికొస్తుంది, చెదపుట్ట గోళ్ళతో తవ్వి, మూతి అక్కడ ఆనించి, ముందు మట్టి ఊది, తర్వాత ఆ సందులోంచి చెదల్ని సర్రున పీల్చుకుంటుంది, రాత్రి పూట అడవి పక్క పల్లెల్లో ఉండేవాళ్ళకి ఆ పీల్చే చప్పుడు బాగా తెలుసు. అంటే మన నల్లమలలో తిరిగే జంతువు పేరు లోపల కూడా ఈ ఎడెంటేట్ గందరగోళం దాక్కుని ఉంది.

సరే, ఇంతకీ నిజంగా పళ్ళు లేని క్షీరదాలు ఏవి? నేను బోసినోళ్ళని పిల్లలకి రకాలుగా విడదీసి చెప్పేదాన్ని, గుర్తుంటుందని.

ప్లాటిపస్ తాతగారి లాంటిది. పిల్లగా ఉన్నప్పుడు చిన్న చర్వణకాలు ఉంటాయి, గూట్లోంచి బయటికొచ్చే వయసుకి రాలిపోతాయి, ఆ తర్వాత జీవితమంతా గట్టి కొమ్ము లాంటి పలకలతోనే నలుపుకుని తింటుంది. దాని చుట్టం ఎకిడ్నాకి అవి కూడా రావు.

బలీన్ తిమింగలాల కథ నాకు అన్నిటికంటే అబ్బురంగా అనిపిస్తుంది. నీలి తిమింగలం, ఇప్పటిదాకా భూమి మీద పుట్టిన జంతువులన్నిటిలో పెద్దది, నోట్లో ఒక్క పన్ను లేదు. పై దవడ నుంచి బలీన్ పలకలు దువ్వెన పళ్ళలా వేలాడుతూ ఉంటాయి, మన గోళ్ళల్లో ఉండే కెరాటిన్‌తో చేసినవి, నోటి నిండా నీళ్ళు పట్టి బయటికి నెడితే క్రిల్ అనే చిన్న రొయ్యల లాంటివి లోపల చిక్కుకుంటాయి. కానీ తల్లి కడుపులో ఉన్న తిమింగలం పిల్ల దవడలో పళ్ళ మొగ్గలు వస్తాయి! వచ్చి, పుట్టకముందే మళ్ళీ శరీరంలోకే కరిగిపోతాయి. డార్విన్ 1859లోనే దీన్ని పరిణామానికి సాక్ష్యంగా చూపించాడు, ఎందుకంటే వాడకపోయేదాన్ని మొదలుపెట్టడం ఎందుకు, పూర్వీకులకి పళ్ళు ఉండేవి కాబట్టే కదా. తర్వాత దాదాపు రెండున్నర కోట్ల ఏళ్ళ నాటి పళ్ళున్న బలీన్ వంశపు శిలాజాలు కూడా దొరికాయి. 2011లో ఇంకో ముక్క తేలింది, పింగాణి తయారవడానికి కావాల్సిన ఎంఎంపీ20 అనే జన్యువు ఈ తిమింగలాలన్నిటిలో ఒకే చోట విరిగి ఉంది, ఒకే చోట అంటే అందరి ఉమ్మడి ముత్తాతలోనే విరిగిందన్నమాట. పాంగోలిన్, యాంట్‌ఈటర్లలోనూ అంతే, ఎనామెలిన్ అనే ప్రోటీన్‌కి సంబంధించిన జన్యువు పాడైపోయి అలాగే పడి ఉంది, పాడుబడ్డ ఇంటి తాళంచెవి తరతరాలుగా మొలతాడుకి కట్టుకుని తిరుగుతున్నట్టు.

సముద్రంలోనే ఇంకోటి ఉండేది, స్టెల్లర్ సముద్రపు ఆవు, బేరింగ్ సముద్రంలో. దానికీ పళ్ళు లేవు, కొమ్ము పలకలతో సముద్రపు నాచు నమిలేది. 1741లో మనుషుల కంట పడింది, 1768కల్లా వేటాడి అయిపోగొట్టారు. ఇరవై ఏడేళ్ళు, అంతే.

ఇక పూర్తి బోసివి యాంట్‌ఈటర్లు, పాంగోలిన్లు. జెయింట్ యాంట్‌ఈటర్ నాలుక దాదాపు 60 సెంటీమీటర్లు, నిమిషానికి 150 సార్ల దాకా లోపలికీ బయటికీ ఆడుతుంది. చీమలు కుడతాయి కాబట్టి ఒక పుట్ట దగ్గర ఎక్కువసేపు ఉండదు, కొంచెం తిని ఇంకో పుట్టకి పోతుంది, పుట్ట కూడా బతికే ఉంటుంది.

పాంగోలిన్ అనగానే ఏదో విదేశీ జంతువు అనుకుంటారు, మీ అమ్మాయి కూడా అలాగే అనుకుని ఉంటుంది. మన అలుగే అది! అలుగు అంటే ఇవాళ పిల్లలకి చెరువు అలుగు తెలుసు, అన్నం తినకుండా అలగడం తెలుసు, ఈ అలుగు మాత్రం తెలీదు. ప్రపంచంలో ఎనిమిది రకాలు ఉన్నాయి, నాలుగు ఆసియాలో, నాలుగు ఆఫ్రికాలో. మన దగ్గరది మానిస్ క్రాసికాడేటా, ఈశాన్య రాష్ట్రాల్లో చైనా రకం కూడా ఉంది. ఒంటి నిండా ఈతచెట్టు మట్టలు పేర్చినట్టు 160 నుంచి 200 దాకా పొలుసులు, అవి కూడా కెరాటినే. పాంగోలిన్ అనే మాట మలయ్ భాషది, చుట్టుకునేది అని అర్థం.

మా డిపార్ట్‌మెంట్‌లో పాత అలుగు పుర్రె ఒకటి ఉండేది, చేతిలోకి తీసుకుంటే అది జంతువు పుర్రె అనిపించదు, నున్నగా, మొన తేలిన గరాటులా, చెంప ఎముక వంపు కూడా పూర్తిగా ఉండదు, కింది దవడ రెండు సన్నని పుల్లలు. కుక్క పుర్రె పక్కన పెట్టి చూపిస్తే పిల్లలకి వెంటనే అర్థమయ్యేది, పళ్ళు పోతే పళ్ళు మాత్రమే పోవు, నమిలే కండరాలు అక్కర్లేదు, ఆ కండరాలు పట్టుకునే ఎముక గట్లు అక్కర్లేదు, మొత్తం తలే మారిపోతుంది. మరి నమిలేది ఎవరు? పొట్ట. అలుగు పొట్ట చివరి భాగంలో గట్టి ముళ్ళ లాంటి పొర ఉంటుంది, చీమలతో పాటు మింగిన చిన్న గులకరాళ్ళు కూడా అక్కడే ఉండి తిరగలిలా నూరతాయి. కోడి కందనకాయ కోసినప్పుడు లోపల రాళ్ళు చూసి ఉంటారు కదా, అదే ఏర్పాటు. నాలుక మొదలు గొంతులో ఉండదు, ఛాతీ లోపలికి పోయి రొమ్ము ఎముక చివర అతుక్కుని ఉంటుంది. చీమలు దూరకుండా చెవుల్నీ ముక్కునీ కండరాలతో మూసేసుకుంటుంది.

నేను బతికున్న అలుగుని దగ్గరగా చూసింది ఒకే ఒక్కసారి. ఆత్మకూరు వైపు ఒక పల్లె నుంచి మా స్టూడెంట్ కాలేజీకి ఫోన్ చేశాడు, మేడమ్ చేప పొలుసులున్న జంతువు ఏదో పట్టుకున్నారు, చంపేస్తారేమో అని. ముందు ఫారెస్ట్ వాళ్ళకి చెప్పమని చెప్పి నేనూ బయలుదేరాను. వెళ్ళేసరికి పొలం గట్టు మీద నలభై యాభై మంది, మధ్యలో అది బంతిలా చుట్టుకుని కదలకుండా ఉంది. కరుస్తుందా అని ఒకాయన కర్రతో పొడుస్తున్నాడు. దాని నోట్లో ఒక్క పన్ను లేదయ్యా, కరవడానికి ఏమీ లేదు అని చెప్పాను. పక్కన కూర్చున్న ఒక పెద్దామె "నా మాదిరే బోసిదా, ఇడ్సిపెట్టండి నాయనా పాపం" అంది. ఆ మాటకి నిజంగా కర్ర కింద పెట్టాడు ఆయన. గంట తర్వాత ఫారెస్ట్ వాళ్ళు వచ్చి గోనెసంచి కప్పి జాగ్రత్తగా తీసుకుపోయారు, అడవిలో వదిలాం అని సాయంత్రం మా స్టూడెంట్‌కి చెప్పారట.

అది నాకు ఎందుకు అంత గట్టిగా గుర్తుండిపోయిందంటే, చుట్టుకోవడం అనే ఆ ఒక్క ఉపాయం పులినీ చిరుతనీ ఆపగలదు, మనిషిని ఆపలేదు. చుట్టుకుంటే ఎత్తుకుపోవడం మనిషికి ఇంకా సులువు. ఈతకి మామూలుగా ఒకటే పిల్ల, తల్లి దాన్ని తోక మీద ఎక్కించుకుని తిరుగుతుంది, అంటే పోయిన సంఖ్య తిరిగి రావడానికి చాలా ఏళ్ళు పడుతుంది. పొలుసుల్లో మందు ఉందని నమ్మి కొంటున్నారు, మన దగ్గర కూడా ఉంగరాలు చేయించుకునేవాళ్ళు, మొలలకి మంచిదని నూరుకునేవాళ్ళు ఉన్నారు. అది కెరాటిన్ అండీ, మన గోరు కత్తిరించి పారేస్తామే అదే పదార్థం, అందులో మందు ఏమీ లేదు. 2016లో జొహానెస్‌బర్గ్‌లో జరిగిన సైటీస్ (అంతరించిపోయే జీవుల వ్యాపారం మీద అంతర్జాతీయ ఒప్పందం) సమావేశంలో ఎనిమిది రకాలకీ అంతర్జాతీయ వ్యాపారం నిషేధించారు, 2020లో చైనా వాళ్ళు తమ అధికారిక మందుల జాబితాలో ముడి సరుకుగా పొలుసుల్ని తీసేశారు. మన 1972 వన్యప్రాణి చట్టంలో ఇది మొదటి షెడ్యూల్‌లో, పులితో సమానంగా ఉంది, పట్టుకున్నా అమ్మినా మూడు నుంచి ఏడేళ్ళ జైలు. భువనేశ్వర్ దగ్గర నందన్‌కానన్‌లో వీటిని పెంచి సంతతి వృద్ధి చేసే కేంద్రం ఉంది.

ఇక పరీక్ష సంగతి. ఎడెంటేటా అని అడిగితే రాయాల్సింది జెనార్థ్రా జంతువులే, పాంగోలిన్ కాదు, కానీ "పళ్ళు లేనివి" అని బట్టీ పెట్టొద్దనండి, "కుంతకాలు, రదనికలు లేక, ఉన్న పళ్ళకి పింగాణి లేని గుంపుకి పాత పేరు" అని గుర్తు పెట్టుకోమనండి, ఇప్పటి పేరు జెనార్థ్రా. అంతకంటే ముఖ్యమైంది ఇంకోటి ఉంది. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో క్షీరదాల లక్షణాల్లో దవడలో రకరకాల పళ్ళు ఉంటాయి అని ఉంటుంది, అదే పేరా కింద ఉదాహరణల్లో ఆర్నితోరింకస్, బలీనోప్టెరా ఉంటాయి, అంటే ప్లాటిపస్సూ నీలి తిమింగలమూ, పెద్దయ్యాక రెండిటికీ పళ్ళు లేవు! ఒక ప్రకటన, దాని కారణం టైపు ప్రశ్నల్లో "అన్ని క్షీరదాలకీ" అనే మాట కనిపిస్తే ఒక్క క్షణం ఆగి ఈ రెండు పేర్లు తలుచుకోమనండి. క్షీరదం అనడానికి పాలు, రోమాలు చూడాలి, పళ్ళు కాదు, పళ్ళు తర్వాత పోయి ఉండొచ్చు.

తెలుగులో ఏమనాలి అంటే, నన్నడిగితే పళ్ళు లేని క్షీరదాలు అని తేటగా రాయడమే మంచిది, లేదా దంతరహిత క్షీరదాలు. అది వర్ణన మాత్రమే, వంశం పేరు కాదు, కాబట్టి దాని కింద అలుగునీ తిమింగలాన్నీ పక్క పక్కన రాసినా తప్పు లేదు. ఎడెంటేటా అనే వంశం పేరు కింద మాత్రం రాయకూడదు.

స్లాత్‌ని దేవాంగ పిల్లి అని మాత్రం రాయొద్దు. చాలా చోట్ల అలా అనువాదం చేస్తున్నారు, నేనూ చూశాను. దేవాంగ పిల్లి అంటే మన లోరిస్, పెద్ద పెద్ద కళ్ళతో రాత్రిపూట కొమ్మల మీద మెల్లగా నడిచేది, అది కోతుల వైపు చుట్టం, దక్షిణ భారతంలోనూ శ్రీలంకలోనూ ఉంటుంది, స్లాత్ ఉండేది మధ్య, దక్షిణ అమెరికాల్లో. రెండూ నెమ్మదిగా కదులుతాయి, పోలిక అంతవరకే. దేవాంగ పిల్లి నోట్లో కుంతకాలు, రదనికలు అన్నీ ఉన్నాయి, మొత్తం 36, మన కంటే నాలుగు ఎక్కువ.